పోని మరక

కొండనే తొలిచి చెక్కిన పెద్ద బుద్ధుడికి ముప్పై ఏళ్లు స్నానం చేయించినవాడు మా పేట తాడు బాబాయి. నడుముకు తాడు కట్టుకుని, నెత్తి మీంచి కిందికి వేలాడుతూ, రాతికి పట్టిన నాచు తోమేవాడు. ఒక్క ముక్కుకే ఒక పూట పట్టేది. పనివాళ్ల వ్యాను వెనకదారిన తిన్నగా తల దగ్గరికే చేర్చేది కాబట్టి, ఆ ముఖాన్ని అతను ఏనాడూ మూరెడు దూరం నుంచి తప్ప చూడలేదు.

అతని పగంతా ఒక మరక మీద. పెదవి చివర నుంచి చెంప మీదికి బారెడు పొడవున నల్లటి చార. ఏటా చేతులు పడిపోయేలా తోమేవాడు. అది ఉలకదు, పలకదు. ఇంటికొచ్చి పిన్ని బుర్ర తినేవాడు.

ఉద్యోగం అయిపోయాక పిన్ని పట్టుబట్టింది. "ఇన్నేళ్లూ ఆ బుద్ధుడి సంగతులు వినడమే. ఒక్కసారి చూపించకూడదూ?"

బస్సు ఇద్దర్నీ ఎదురు కొండ మీద దించింది. మంచు విడిపోయింది.

"అబ్బ! ఎంత చల్లగా నవ్వుతున్నాడండీ!" అంది పిన్ని.

"నవ్వేమిటే? చెవికింద నాచు వదిలేశారు, దద్దమ్మలు!" అంటూ ముఖమంతా ఒక్కసారి చూశాడు బాబాయి.

అలాగే ఉండిపోయాడు. పెదవి కొసను పైకి లాగి పట్టుకున్నది తన మరకే.

"ఏమైందండీ?"

"ఏం లేదే," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నేను ఇంకాస్త పనిమంతుణ్ణయ్యుంటే ఆ నవ్వు ఏనాడో ఊడ్చిపెట్టేసేవాణ్ణి!"