మైనస్ వస్తే అబద్ధం

నల్ల టేపు మీద నడిచే బండి అంటే నాకు ఒళ్ళు మంట. రోబోటిక్స్ అనగానే ప్రతి బడిలోనూ చేసేది అదే. నేల మీద నల్ల టేపు అతికిస్తారు, కొనుక్కొచ్చిన కిట్టు బిగిస్తారు, బండి ఆ గీత వెంబడి బుద్ధిగా పోతుంది, తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటారు. పిల్ల ఏం నేర్చుకుందని అడిగి చూడండి. గీత దాటకూడదని నేర్చుకుంది. అది నేర్పడానికి రోబో ఎందుకు, ఇంట్లో వాళ్ళందరూ ఉన్నారుగా.

కరోనాకి రెండేళ్ళ ముందు సంగతి. అప్పటికి, హిందీ మాట్లాడే మా ఊళ్ళో, శంకర్ నగర్‌లోని ఒక బడిలో ఫిజిక్సూ కంప్యూటరూ చెబుతున్నాను. రెండో అంతస్తులో చివరి గది నాది. నాలుగు పాత కంప్యూటర్లు, ఒక టంకం పెట్టె, తలుపు మీద ‘రోబోటిక్స్’ అని పిల్లలు రాసిన అట్ట. ఆ సంవత్సరం ఒక కోచింగ్ వాళ్ళు ఎంట్రన్స్ క్లాసుల కోసం బడిలో గది అడిగారు. ప్రిన్సిపాల్ గారి కళ్ళు తిన్నగా నా గది మీద పడ్డాయి.

స్టాఫ్ మీటింగులో నేను గట్టిగానే పోట్లాడాను. ఆయన ఓపిగ్గా విని, ఏప్రిల్‌లో బడి ప్రదర్శనకి బయట నుంచి జడ్జీలు వస్తారు కదా, వాళ్ళు మీ పిల్లల పనికి బహుమతి ఇస్తే గది మీదే, లేకపోతే జూన్ నుంచి కోచింగ్ వాళ్ళది అని తేల్చేశారు. ఏం చేయిస్తారు, మళ్ళీ ఆ గీత బండేనా అని కూడా అడిగారు. కాదు, ధ్రువాల సైన్సు చేయిస్తాను అన్నాను. గది గొల్లున నవ్వింది. ముందు స్టాఫ్ రూములో కూలరు బాగు చేయించి తర్వాత ధ్రువాలకి వెళ్ళమని హిందీ మాస్టారు సలహా ఇచ్చారు. నవ్వు ఆగేదాకా నిలబడి ఉన్నాను.

“మనిషి సులువుగా వెళ్ళే చోటికి రోబో ఎందుకు సర్, మనిషే వెళ్తాడు. మనిషి ఉండలేని చోటు చూపిస్తేనే అది ఎందుకో పిల్లలకి తెలుస్తుంది,” అన్నాను.

మాట బాగానే ఉంది. కానీ ఏం చేయించాలో అప్పటికి నాకు పూర్తిగా తెలీదు. ఇంటికి వచ్చాక కూర్చుని చదివాను. ధ్రువాల దగ్గర సముద్రం మీద మంచు పలకలా గడ్డకడుతుంది. శాస్త్రవేత్తలు ఆ మంచుకి రంధ్రం చేసి, ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్లని దండలా లోపలికి దింపి, పెట్టె బిగించి వచ్చేస్తారు. చలికాలమంతా అక్కడ మనిషి ఉండడు, ఆ పెట్టె మటుకు లెక్కలు పంపుతూనే ఉంటుంది. దానికి చిన్న రూపం మేం చేస్తామనుకున్నాను. మంచుదిమ్మ మీద నడిచి, ప్రతి రంధ్రం దగ్గరా ఆగి, సెన్సారు లోపలికి దింపి, లెక్క రాసుకునే బండి.

తొమ్మిదో తరగతి నుంచి నలుగురు ఆడపిల్లలు ముందుకొచ్చారు. అందులో ప్రోగ్రాం రాసే పిల్ల రైల్వే కాలనీ నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న వ్యాగన్ల రిపేరు షాపులో ఫిట్టరు. మా నాన్నా అక్కడే ఫిట్టరుగా రిటైరయ్యారు. రెండు ఇళ్ళూ శ్రీకాకుళం వైపువే. ఆ పిల్ల తెలుగులో సగం హిందీ, నా తెలుగులో పావు వంతు హిందీ. బడిలో మేడమ్ అనాలి, బయట పిన్ని అనాలి అని మొదటిరోజే చెప్పాను. ఎప్పుడూ తడబడలేదు, ఒక్కసారి తప్ప.

మా సెన్సారుకి ఒక జబ్బుంది. తీగ వదులైతే చాలు, తెర మీద మైనస్ నూట ఇరవై ఏడు అని చూపించేది. సెన్సారు అందడం లేదని చెప్పడానికి దాన్ని తయారుచేసినవాళ్ళు పెట్టుకున్న గుర్తది. ఇటు మార్చి ఎండకి కిటికీ ఊచలు కాలిపోతుంటే, అటు తెర మీద మైనస్ నూట ఇరవై ఏడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఆ నవ్వులకి విసిగి ప్రోగ్రాం పిల్ల ఒక లైను రాసింది: లెక్క సున్నాకి కిందికి పోతే అది తప్పు, పారేసి ముందటి లెక్కనే చూపించు. నాకు ఎంత ముచ్చటేసిందంటే, దాన్ని బోర్డు మీద తెలుగులోకి దింపి మరీ రాశాను. ‘మైనస్ వస్తే అబద్ధం. పాత లెక్క ఉంచు.’ తెలుగు రాని పిల్లలకి హిందీలో చదివి వినిపించాను. యంత్రం చెప్పిందల్లా నమ్మకూడదు, చూసి నేర్చుకోండి అని మిగతా క్లాసుకి ఒక ఉపన్యాసం కూడా దంచాను. క్యాంటీను ఫ్రిజ్‌లోంచి తెచ్చిన ఐసు ముక్కల్లో సెన్సారు పెడితే సున్నా మీద అర డిగ్రీ చూపించింది. బ్రహ్మాండం అనుకున్నాం.

ఇక అసలు దిమ్మ కావాలి. మా ఆయన ఊరి చివర ఫ్యాక్టరీలుండే ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో పనిచేస్తారు, ఆ దారిలోనే ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. నేను వెళ్ళి మాట్లాడతానంటే, నువ్వు మాట్లాడితే వాళ్ళు గేటు కూడా తియ్యరు, నేను అడుగుతాను అన్నారు. నిజమే కాబట్టి ఊరుకున్నాను. ఒక శనివారం పొద్దున్న, ఇళ్ళ నుంచి అనుమతి కాగితాలు తెప్పించుకుని, నలుగురినీ బడి వ్యానులో తీసుకెళ్ళాను.

ఆ ఫ్యాక్టరీ చూస్తే ధ్రువం గుర్తు రాదు. రేకుల షెడ్డు, అమ్మోనియా వాసన, నేలంతా తడి. మధ్యలో పెద్ద తొట్టి, దాని నిండా ఉప్పునీళ్ళు. అందులో వరసగా రేకు డబ్బాలు ముంచి ఉంటాయి, డబ్బాల్లో మంచినీళ్ళు గడ్డకడతాయి. పనివాళ్ళు చెప్పులకి గోనెపట్టా చుట్టుకుని తడి ఐసు మీద జారకుండా నడుస్తున్నారు. తీసిన దిమ్మల మీద ధాన్యం ఊక గుట్టలుగా పోసి ఉంది. అంతా చూసుకునే మిస్త్రీ ఒక పెద్దాయన, మెడలో గంఛా తువ్వాలు, జేబులో గాజు థర్మామీటరు.

మేం సెన్సారుని ఉప్పునీళ్ళలోకి దింపాం. తెర మీద అంకెలు దిగడం మొదలెట్టాయి. ముప్పై మూడు, ఇరవై, తొమ్మిది, రెండు. సున్నా పాయింట్ నాలుగు దగ్గర ఆగిపోయాయి. ఎంతసేపు చూసినా అంతే. మిస్త్రీ తన గాజు గొట్టం ముంచి తీసి చూపించాడు, మైనస్ తొమ్మిది.

నేను ఊరుకుంటానా. మీ థర్మామీటరు ఏ కాలం నాటిదో, గీతలు కూడా అరిగిపోయాయి, మాది డిజిటల్, కొత్తది అని హిందీలో దంచేశాను. ఆయనకి కోపం రాలేదు. ఓసారి చెయ్యి పెట్టి చూడండి మేడమ్‌జీ అన్నాడు. పిల్లలు చూస్తుండగా వెనకడుగు వేస్తానా, మణికట్టు దాకా పెట్టాను. ఐదు లెక్కపెట్టేలోపు ఎముక లోపల సూదులు దిగినట్టయి లాక్కున్నాను. అయినా చల్లగా ఉంటే మైనస్సేనని ఏముంది అన్నాను.

అప్పుడు మిస్త్రీ తన స్టీలు టీ గ్లాసు కడిగి, అందులో రెండు గుక్కల మంచినీళ్ళు పోసి, ఉప్పునీళ్ళలో సగం ముంచి పట్టుకున్నాడు. కాసేపటికి గ్లాసు వంచి చూపించాడు. అంచు వెంట తెల్లగా పొర కట్టింది.

“మీ మిషన్ చెప్పినట్టు ఇది సున్నా పైనే ఉంటే, ఈ నీళ్ళు ఎందుకు గడ్డకట్టాయి మేడమ్‌జీ,” అని అడిగాడు.

ఇరవై ఏళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఆ ప్రశ్న నేను అడగాల్సింది, ఆయన అడిగాడు. వెనక నుంచి ప్రోగ్రాం పిల్ల గొంతు వినబడింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుని, తను రాసిన లైను మీద వేలు పెట్టి ఉంది.

“పిన్నీ, గల్తీ నాదే. అది మైనస్ అని చెప్తంటే, నానే అబద్దమని కొట్టీసాను. పాత లెక్క పెట్టీసాను.”

నాకు బోర్డు మీద నా చేతిరాత కళ్ళ ముందు కనబడింది. మేమంతా ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళం, డిసెంబరులో స్వెట్టరు వేసుకుంటే అదే గొప్ప చలి. మా అందరికీ మైనస్ అంటే పుస్తకంలో అంకె, లేకపోతే ఊడిపోయిన తీగ. ధ్రువానికి పంపే యంత్రానికి, సున్నాకి కిందికి చూడకు అని నేర్పి, చూడనందుకు మెచ్చుకున్నాం.

“నువ్వు రాశావు, నేను బోర్డెక్కించాను. ఇద్దరిదీ గల్తీ. ఇప్పుడు ఏం మార్చాలో చెప్పు,” అన్నాను.

ఆలోచించుకోవడానికి దానికి పెద్ద టైము పట్టలేదు. మైనస్ అన్నీ అబద్ధం కాదు, మైనస్ నూట ఇరవై ఏడు ఒక్కటే అబద్ధం. అది వచ్చినప్పుడు కూడా దాచకూడదు, తీగ ఊడిందని తెర మీద చెప్పాలి. అక్కడే, ఆ తడి నేల మీద గోనెపట్టా పరుచుకుని లైను మార్చింది. మళ్ళీ దింపాం. రెండు, సున్నా, మైనస్ మూడు, మైనస్ ఆరు, మైనస్ ఎనిమిది పాయింట్ తొమ్మిది. పిల్లలు ఒకరినొకరు పట్టుకుని గెంతారు. మిస్త్రీ వంగి తెర చూశాడు.

“అబ్ సహీ బతావత్ హే, నోనీ,” అన్నాడు. ఇప్పుడు నిజం చెబుతోంది అమ్మాయీ అని.

ఆ రోజు ఆయన దగ్గర ఇంకో రెండు పాఠాలు కూడా నేర్చుకున్నాం. మా బండి చక్రాలు దిమ్మ మీద గిర్రున తిరుగుతూ ఉన్నచోటే ఉంటే, పనివాళ్ళ చెప్పులకున్నట్టే గోనెపట్టా చుట్టమన్నాడు. చుట్టగానే కదిలింది. దిమ్మకి ఊక ఎందుకు కప్పుతారో కూడా పిల్లలు అడిగి రాసుకున్నారు.

ప్రదర్శన రోజుకి ఎండ నలభై దాటింది. తెల్లారగానే దిమ్మని గోనెల్లో చుట్టి ఆటోలో తెచ్చాం. హాలులో రేకు పళ్ళెంలో పెట్టి, సగం దిమ్మ మీద ఊక కప్పి, సగం వదిలేశాం. చుట్టూ నల్ల టేపు బండ్లు ఆరో ఏడో గుండ్రంగా తిరుగుతున్నాయి. మా బండి మటుకు గోనె చక్రాలతో, ముసలమ్మ గుడి మెట్లు ఎక్కినట్టు, ఒక్కో రంధ్రం దగ్గరా ఆగి సెన్సారు దింపుతోంది.

జడ్జీల్లో పెద్దాయన ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. వదిలేసిన సగంలో తెర సున్నా దగ్గర చూపించింది, తలూపారు. ఊక కిందికి దింపగానే మైనస్ నాలుగు అంది. ఆయన పెదవి విరిచి, లూజ్ కనెక్షన్, ఈ సెన్సార్లు ఊడితే మైనస్ చూపిస్తాయి, ఇంత వేడి హాల్లో మైనస్ నాలుగేమిటి అని కాగితం మీద ఏదో రాయబోయారు. ఆయన వెనక ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచాను. ప్రోగ్రాం పిల్ల నా వైపు తిరిగి, వద్దన్నట్టు చెయ్యి కొద్దిగా ఎత్తింది. నలభై ఏడేళ్ళ జీవితంలో వాదన మధ్యలో నోరు మూసుకోవడం నాకు అదే మొదలు.

“మీరే తీగ పీకి చూడండి సర్,” అంది హిందీలో, చాలా మర్యాదగా.

ఆయన పీకారు. అంకె మాయమై, తార్ నికల్ గయా, తీగ ఊడింది అని హిందీలో ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ పెట్టారు. మైనస్ నాలుగు. ఇంకోసారి పీకి, ఇంకోసారి పెట్టారు. అప్పుడు కాగితం మీద రాసింది కొట్టేసి, ఊక ఎందుకు అని అడిగారు. ధ్రువాల దగ్గర గడ్డకట్టిన సముద్రం మీద పడిన మంచు, పైన ఉన్న చలిని కిందికి పోనివ్వదని, ఇక్కడ ఊక మన ఎండని ఐసులోకి పోనివ్వదని, దుప్పటికి వేడి ఎటు నుంచి ఎటు పోతోందో అనవసరమని, ఆపడమే దాని పనని ఆ పిల్ల చెప్పింది. ఇది ఏ పుస్తకంలో చదివావు అన్నారాయన. ఉర్లా దారిలో ఐసు ఫ్యాక్టరీలో అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మిగిలిన ఇద్దరు జడ్జీలనీ కేకేసి పిలిచారు. తీగ పీకే పని వాళ్ళ చేత కూడా చేయించారు.

మొదటి బహుమతి చదివినప్పుడు మైకు ముందు ప్రిన్సిపాల్ గారే ఉన్నారు. రోబోటిక్స్ గది వచ్చే ఏడు కూడా కొనసాగుతుందని, అడక్కుండానే, అందరి ముందూ చెప్పారు. మొదటి వరసలో హిందీ మాస్టారు చప్పట్లు కొడుతున్నారు. కూలరు ఎలా ఉందని నేను అక్కడి నుంచే సైగ చేసి అడిగాను.

గది ఇప్పటికీ నాదే. ప్రతి ఏడూ కొత్త పిల్లలకి ఆ పాత ప్రోగ్రామే ఇస్తాను, ఆ లైనుతో సహా, ఏమీ చెప్పకుండా. వ్యానులో ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్తాను. అంకె సున్నా దగ్గర ఆగిపోతుంది. పిల్లల్లో ఎవరో ఒకరు, తప్పకుండా, మీ గాజు థర్మామీటరు పాతది అని మిస్త్రీతో వాదనకి దిగుతారు. ఆయన నా వైపు చూసి మీసాల్లో నవ్వుకుంటాడు. తర్వాత స్టీలు గ్లాసు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తాడు.