పాత బ్యాటరీ పక్కన కొత్త బ్యాటరీ

పలాసలో నాకంటే చవగ్గా మోసపోయినవాడు లేడు. లక్షా డెబ్భై చెప్పిన వేనుని లక్షా పదికి దించాను. అందులో పడుకోవడానికి బల్ల, గ్యాస్ పొయ్యి, రెండు ఫ్యాన్లు, బుల్లి టీవీ, మోకాలెత్తు ఫ్రిజ్. ఊళ్లు తిరుగుతూ అందులోనే వండుకు తిని పడుకోవాలని విశాఖలో ఒక రిటైరైన ఆఫీసరు మోజుపడి చేయించుకున్నాడు. మోకాళ్లు పట్టేశాక అమ్మకానికి పెట్టాడు. ఇంట్లో మంచం ఉండగా రోడ్డు పక్కన పడుకోవాలని డబ్బు పోసేవాళ్లు ఉంటారని నాకు అప్పుడే తెలిసింది. అలాంటివాళ్లకి అద్దెకిద్దామనే నేనూ కొన్నాను.

ఆఫీసరు పాపం ఓపిగ్గా చెప్పాడు. ఇంజిన్‌కి ఒక బ్యాటరీ, లోపలి సామానుకి విడిగా రెండు. బండి నడిచినంతసేపూ ఆ రెండూ నిండుతాయి, ఆగాక వాటిలో ఉన్నదే వాడుకోవాలి. మా గల్లాపెట్టె లాంటిదే కదా, దీనికింత ఉపన్యాసమా అనుకున్నాను. చివర్లో అతను, "ఆ రెంటిలో ఒకటి దెబ్బతింది. మారిస్తే రెండూ ఒకేసారి మార్చండి" అన్నాడు. బ్యాటరీల కొట్టువాడి దగ్గర ఇతనికి కమీషను ఉందని వెంటనే కనిపెట్టాను. ఒకటి పోతే రెండు కొనే రకంగా కనబడ్డానా?

మాది జీడిపప్పు దుకాణం. నిరుడు మిగిలిన పప్పుని కొత్త పప్పులో కలిపి అమ్మేయడం నాకు మా నాన్న నేర్పిన మొదటి విద్య. కొత్తదాని వాసన పాతదానికి పడుతుంది, సరుకు చెల్లిపోతుంది. దెబ్బతిన్నదాన్ని తీయించి, మిగిలిన పాత బ్యాటరీ పక్కన ఒక్క కొత్తది పెట్టించి, ఐదు వేలు మిగిల్చానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. ఎవరూ మెచ్చుకోలేదు. వాళ్లకి వ్యాపారం తెలియదనుకున్నాను.

మా అక్కని కవిటిలో ఇచ్చాం. బావకి కొబ్బరితోట ఉంది. ఆ చుట్టుపక్కల చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బు ఆయనకీ వచ్చింది. రక్తం తగ్గిపోకుండా వారానికో ఇంజెక్షను. అవి ఎప్పుడూ చల్లగా ఉండాలి, వేడెక్కితే పారబోయడమే. నాలుగేసి చొప్పున విశాఖ నుంచి ఐసులో పెట్టి తెచ్చుకునేవాడు. ఆ ఇంజెక్షన్లకి కాపలా కాస్తూ రెండేళ్లు ఊరు దాటలేదు. కోణార్క చూడాలని ఆయనకి పెళ్లికి ముందు నుంచీ ఉంది.

"నా బండిలో ఫ్రిజ్ ఉంది బావా, కోణార్క పోదాం పద. నాలుగూ తెచ్చేసుకో. మీ ఊళ్లో కరెంటు కంటే నా బండిలో కరెంటు నయం" అన్నాను.

"నీ బండి సంగతి కాదురా బామ్మర్దీ, నీ సంగతే నా బయం. ఎక్కడేటి బేరమాడేసినావో" అన్నాడు. అని, ఇంజెక్షన్లు నాలుగూ తెచ్చుకున్నాడు.

మొదటిరోజు ముగ్గురం దారిలో గోపాలపూర్ సముద్రం దగ్గర ఆగాం. ఇంజిన్ ఆపేశాను. సాయంత్రం కాసేపు దీపాలు, ఫ్యాన్లు, టీవీ అన్నీ వేసి చూపించాను. అక్క ముచ్చటపడింది. బావ మాత్రం ఫ్రిజ్ మీద వెలుగుతున్న పచ్చదీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. అన్నీ కట్టేసి, ఫ్రిజ్ ఒక్కటీ ఉంచి పడుకున్నాం. నా లెక్క ప్రకారం దానికి రెండు రోజులు ఢోకా లేదు.

తెల్లారి టీ పెడదామని అక్క ఫ్రిజ్ తెరిచింది.

"తమ్ముడూ, పాలు ఇరిగిపోనాయిరా."

పచ్చదీపం ఆరిపోయి ఉంది. బావ లేచి ఇంజెక్షన్ల డబ్బాని అరచేతిలో పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. "ఎచ్చగున్నాది" అన్నాడు.

నేను బల్ల పైకెత్తి బ్యాటరీల మీద చెయ్యి పెట్టాను. కొత్తది చల్లగా ఉంది. పాతది గోరువెచ్చగా ఉంది. ఆ వేడి నాకు బాగా తెలుసు. తడిసిన జీడిగింజల బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూరిస్తే తగిలే వేడి అది. అలాంటి బస్తాని మంచివాటి మధ్య పెడితే వాటినీ పాడుచేస్తుందని మా దుకాణంలో గోనెలు కుట్టేవాళ్లకి కూడా తెలుసు. రెండు బ్యాటరీలూ ఒకే తీగకి కట్టి ఉన్నాయి కనక, కొత్తది రాత్రంతా ఫ్రిజ్‌ని వదిలేసి పాతదాన్ని మేపింది. పాతది ఎంత పోసినా నిలబెట్టుకోలేదు, వేడి చేసి పారబోసింది. పప్పులో కలిపితే పాత సరుకు కొనేవాడి కడుపులోకి పోతుంది. ఇక్కడ కొన్నవాడిని నేనే, కడుపు మాత్రం బావది.

"ఏటయినాది?" అన్నాడు బావ.

చెప్పాను. కమీషను అనుమానంతో సహా చెప్పాను.

"అంటే పాత పప్పు కలిపేసినావన్నమాట. ఊరోళ్లకి ఎట్టే సరుకు నాకూ ఎట్టినావు" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. విరిగిన పాలు ఇసకలో పోసి వచ్చి, "బండి తిప్పు, బేగి ఎలిపోదాం. ఈ వారం సూది ఎల్లుండే" అంది.

కోణార్క ఇంకా చాలా దూరం ఉంది. బండి తిప్పాను. ఇంజిన్ బ్యాటరీ విడిగా ఉంది కనక ఒక్క తిప్పుకే స్టార్టయింది. ఆఫీసరు చెప్పినవాటిలో నేను వేలు పెట్టనిది అదొక్కటే. కవిటి దగ్గరికి వచ్చాం. అక్కడ రోడ్డు పక్కన చేపలవాళ్లు థర్మాకోల్ పెట్టెల్లో ఐసు పోసుకుని కూర్చున్నారు. బావ వాటిని చూపించి, "అదిగోరా, ఫ్రిజ్జు" అన్నాడు.

కొత్త ఇంజెక్షన్లు విశాఖ నుంచి వచ్చేసరికి ఆయనకి రెండు వారాలు తప్పాయి. గుమ్మం దాకా నడిచినా ఆయాసం వచ్చేది.

లెక్క ఇది. వేను లక్షా పదికి కొని అరవై రెండు వేలకి అమ్మాను, పోయింది నలభై ఎనిమిది వేలు. కొత్త బ్యాటరీ ఐదు వేలు, వేనుతోనే పోయింది. డీజిలు పదహారు వందల యాభై. ఇంజెక్షన్లు నాలుగూ ఐదు వేల రెండొందలు, అంటే రెండో బ్యాటరీ కొనకుండా నేను మిగిల్చినదానికి మరో రెండొందలు ఎక్కువ. పాత బ్యాటరీని తూకానికి వేస్తే నాలుగొందలు వచ్చాయి. అది తీసేస్తే మొత్తం యాభై తొమ్మిది వేల నాలుగొందల యాభై. బావ మళ్లీ తోటలోకి నడవడానికి రెండు నెలలు పట్టింది. కోణార్క చూడలేదు. ఆ రెండూ ఇందులో కలపలేదు.