తప్పంతా రబ్బరుదే

మా మామయ్య లెక్కలో మనుషులు తప్పు చెయ్యరు. ఈ లోకంలో ఏది చెడినా, ఎవరివల్ల చెడినా, ఆ తప్పు రబ్బరుదే.

ఆయన పాతకార్ల మెకానిక్కు. నేను ఆయన మేనకోడల్ని, డిప్లొమా చదివి ఆయన షెడ్డులో ఆరేళ్ళు పనిచేశాను. పాతకార్లలో ఎండి పగిలిపోయే రబ్బరు చాలానే ఉంటుంది కాబట్టి, షెడ్డులో ఆ మాట సగంసార్లు నిజమే అయ్యేది. ఇంట్లో సంగతే వేరు. అత్తయ్య ఫోనులో మాట్లాడుతూ కుక్కరు మాడ్చేస్తే, "నువ్వేం చేస్తావు, రబ్బరు వదులైంది" అనేవాడు. కొడుకు లెక్కల పరీక్ష తప్పితే ప్రోగ్రెస్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ పెన్సిలు రబ్బరు మంచిది కాదు. రైటు జవాబులు కూడా చెరిపేసింది" అన్నాడు. పక్కింటాయన స్కూటరుతో వచ్చి మా గేటు విరగ్గొట్టినప్పుడు కూడా అంతే.

"బ్రేకు రబ్బరు అరిగిపోయిందండీ, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు మామయ్య.

"నేను బ్రేకు వెయ్యనే లేదండీ" అన్నాడు ఆయన, నిజాయితీగా.

"వేసినా పట్టేది కాదు."

ఒక ఉదయం షెడ్డు ముందు ఆకుపచ్చ కారొకటి ఆగింది. అరవై ఏళ్ళ నాటి బండి. అందులోంచి మా వీధి చివర ఉండే పళ్ళ డాక్టరుగారు, ఆయన భార్య దిగారు. చేతులు వణకడం మొదలయ్యాక డాక్టరుగారు మూడేళ్ళ కిందట క్లినిక్కు మూసేశారు. ఆ తర్వాత భోజనాల బల్ల మీదే ఆ కారు ఇంజను పూర్తిగా విప్పి, కడిగి, కొత్త సామాను వేసి మళ్ళీ బిగించారు. రెండేళ్ళపాటు ఆ దంపతులు వంటింట్లో నిలబడి అన్నం తిన్నారు. తీరా ఇంజను బండిలోకి ఎక్కిన నాలుగో రోజునుంచి, కారు ఆగినచోటల్లా కింద చేటంత ఆయిల్ మరక.

"ముగ్గురికి చూపించానండీ" అన్నారు డాక్టరుగారు. "వెనకాల ఆయిల్ ఆపే సీలు పోయింది, ఇంజను మొత్తం దించాలన్నారు. తప్పు నాదైతే నాదేనని చెప్పెయ్యండి, మొహమాటం వద్దు. ఈ చేతులు దేనికీ పనికిరావని తేలిపోతే, స్పానర్లన్నీ ఎవరికైనా ఇచ్చేసి ఊరుకుంటాను."

ఆయన వినకుండా ఆవిడ నా పక్కకొచ్చి, "క్లినిక్కు మూశాక మూడు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నారమ్మా. ఆ స్పానర్లు పట్టాకే మళ్ళీ మనుషుల్లో పడ్డారు" అంది.

మామయ్య ఒక్క బోల్టు కూడా విప్పలేదు. ఇంజనంతా కిరసనాయిలుతో కడిగించి, గాలి కొట్టి ఆరబెట్టించాడు. తర్వాత అత్తయ్య పౌడరు డబ్బా తెచ్చి ఇంజను నిండా చల్లాడు. నాటకంలో వేషగాడికి కూడా అంత పౌడరు పట్టించరు. కింద కాగితాలు పరిచి ఇంజను స్టార్టు చేయించాడు.

"ఆయిల్ ఎక్కడో మొదలై ఎక్కడో కారుతుంది అమ్మాయ్. కింద తడి చూసి మోసపోకు, పైకి వెతుక్కుంటూ పో" అన్నాడు.

అరగంటకు కాగితం మీద మొదటి చుక్క పడింది. ఇంజను వెనక్కి నా తల దూరలేదు. డాక్టరుగారు జేబులోంచి పళ్ళు చూసే చిన్న అద్దం తీసి ఇచ్చారు. టార్చి వేసి అద్దంలో చూశాను. తెల్లటి పౌడరు మీద సన్నటి తడిగీత ఒకటి పైనుంచి దిగుతోంది. సీలు దగ్గరనుంచి కాదు. దానికి జానెడు పైన, ఆయిల్ ప్రెషరు చూపించే గేజికి వెళ్ళే రాగి గొట్టం ఇంజనుకు కలిసేచోట. అక్కడి ఇత్తడి నట్టు పక్కకు ఒరిగి ఉంది. మర కుదరకుండా, వంకరగా పెట్టి స్పానరుతో బలవంతంగా బిగించిన నట్టు అది. వణికే చేతి పని. అనుమానమే లేదు.

"ఏం కనబడిందమ్మా?" అన్నారు డాక్టరుగారు.

నేను నోరు తెరిచేలోగా మామయ్య అద్దం లాక్కుని ఒక్క క్షణం చూశాడు.

"రబ్బరు" అన్నాడు.

ఆ నట్టు దగ్గర రబ్బరన్నదే లేదు. కుక్కరు విషయంలో ఏం చెప్పినా చెల్లుతుంది. ఇది ఇంజను. మామయ్య దంపతులిద్దర్నీ టీ తాగి రమ్మని ఎదురు కొట్టుకు పంపేశాడు. వాళ్ళటు వెళ్ళగానే నట్టు విప్పి, చెడిన మరలు సరిచేసి, కొత్త నట్టు తీసి పక్కన పెట్టాడు.

"అక్కడ రబ్బరెక్కడుంది మామయ్యా?"

"లేదు."

"మరి ఆయనతో అబద్ధం ఎందుకు చెప్పావు?"

"లీకు ఆగాలా వద్దా?"

"ఆగాలి."

"ఆయన ఆగకూడదు కదా."

"రేపు ఇంకో నట్టు ఇలాగే పెడతారు" అన్నాను. మామయ్య పాత సామాను డబ్బా నేలమీద బోర్లించాడు. ఒక రబ్బరు రింగు మరీ కొత్తగా ఉందని అవతల పారేశాడు. ఇంకోటి మరీ పెద్దదన్నాడు. చివరికి ఒకటి దొరికితే దానికి చాకుతో గాటు పెట్టి, ఆయిల్లో ముంచి, చొక్కాకు తుడిచాడు. దొంగసాక్ష్యం తయారవుతుంటే టార్చి పట్టుకున్నది నేనే.

వాళ్ళు తిరిగొచ్చాక ఆ రింగు డాక్టరుగారి అరచేతిలో పెట్టాడు. "ఇదండీ ముద్దాయి."

ఆయన పీకిన పన్నును చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"కొత్త నట్టు మీరే పెట్టాలి డాక్టరుగారూ. నా చెయ్యి లావు, దూరట్లేదు" అన్నాడు మామయ్య.

అంతకు ఐదు నిమిషాల ముందే ఆ చెయ్యి మోచేతిదాకా దూరింది.

"నాకీమధ్య చూపానట్లేదు లెండి. అందుకని ఏ నట్టయినా ముందు వెనక్కి తిప్పుతాను. టక్కుమని మర కూర్చున్నాకే ముందుకి. వేళ్ళతో మూడు చుట్లు తిరక్కపోతే స్పానరు ముట్టుకోను, తీసి మళ్ళీ మొదలుపెడతాను" అన్నాడు మామయ్య.

డాక్టరుగారి చెయ్యి వణుకుతూనే లోపలికి వెళ్ళింది. మొదటిసారి కుదరలేదు, తీశారు. రెండోసారి టక్కుమన్న చప్పుడు నాకు కూడా వినబడింది. ఒక చుట్టు, రెండు, మూడు. ఇంజను గంటసేపు నడిపాం. కాగితం పొడిగా ఉంది.

"ఇక నా భోజనాల బల్ల నాకిస్తారా?" అంది ఆవిడ.

"గేరుబాక్సు మిగిలింది కదా" అన్నారాయన. ఆవిడ నెత్తి కొట్టుకుంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

మామయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"ఆ గొట్టం బిగించింది నేనే కదమ్మా. అక్కడ రాగి, ఇత్తడి తప్ప ఏముంటుంది?"

"మరి అప్పుడే అనొచ్చుగా డాక్టరుగారూ" అన్నాను.

"ఎలా అంటాను? ఇది కుళాయి వాషరు. పాపం, నాకోసం ఎంతసేపు వెతికాడో" అంటూ ఆయన దాన్ని జాగ్రత్తగా చొక్కా జేబులో వేసుకున్నారు. "మీ మామయ్యకి మాత్రం చెప్పకు. చిన్నబుచ్చుకుంటాడు."