బంద్ రోజు ట్రయల్

కొనడానికి వచ్చిన కొత్త మనిషి చేతిలో మీ కారు తాళం పెట్టేటప్పుడు, ఆ కారు ఎవరి మీదికి వెళ్తుందోనని ఒక్కసారైనా అనుకున్నారా? కారుకు గీత పడుతుందేమోనని అనుకునే ఉంటారు. నేను అడుగుతున్నది కారు గురించి కాదు.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఏళ్లలో మా తూర్పు హైదరాబాదుకు ఒక వింత అలవాటు ఉండేది. బండి నేర్చుకోవాలన్నా, కొనే ముందు నడిపి చూడాలన్నా బంద్ రోజు కోసం కాచుకునేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా బస్సులూ షేర్ ఆటోల మధ్య మామూలు రోజుల్లో రెండో గేరు దాటేది కాదు మరి.

వనస్థలిపురంలో నేను నా పాత కారు అమ్మకానికి పెట్టినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో మెస్ నడిపే కోస్తా ఆయన ఒకరు ట్రయల్‌కు వస్తానన్నదీ బంద్ రోజే. ముందురోజు రాత్రితో కారు బీమా గడువు అయిపోయింది. కడదామంటే ఆఫీసూ బంద్.

ఆయన సందులు పట్టుకుని స్కూటర్ మీద వచ్చాడు. వెంట తెచ్చిన నాలుగు నిమ్మకాయలు నాలుగు చక్రాల కింద పెట్టి, తాళం కోసం చెయ్యి చాపాడు.

"ఇయ్యలేను. నిన్నటితో ఇన్సూరెన్స్ అయిపోయింది. కట్టినంక పిలుస్తా" అన్నాను.

"అదేంటండీ మాస్టారూ! మీ సందు చివరే హైవే. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను. ఎనభైలో స్టీరింగు ఊగుతుందో లేదో చూసుకోవద్దా?"

"ఎవరికన్న తగిలితే?"

ఆయన మొహం మాడిపోయింది. "శుభమా అని బండి ముట్టుకోబోతుంటే ఏం మాటండీ అది!"

గడపలోంచి నా భార్య అందుకుంది. "గాయన నోరే గంత అన్నా. పెండ్లికి పోయినా గా ముహూర్తం ఎట్ల తప్పో చెప్పి ఒస్తడు." తర్వాత నా వైపు తిరిగి, "అమ్మేసే కారుకు ఇన్సూరెన్స్ లొల్లేంది? ఇయ్యరాదా జర!"

నాకు ఒళ్లు మండింది. ప్రమాదం అని పలికితే ప్రమాదం వస్తుందని నమ్మేవాడు ఆ ఆలోచనే లేకుండా రోడ్డెక్కుతాడు. శకునం చేసే హాని ఇదే. జరగబోయేదాన్ని అది ఆపలేదు, మన బుర్రను మాత్రం ఆపేస్తుంది. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని లాగాడు. "రండి. రోడ్డు మీద ఈగైనా ఉందేమో మీరే చూపించండి. ఉంటే నోరు మూసుకుని వెళ్లిపోతాను."

సందు చివర ఒక అపార్ట్‌మెంట్ ప్రహరీ దగ్గర మలుపు, అది తిరిగితే హైవే. తిరిగాం. ఇద్దరం ఆగిపోయాం.

రోడ్డంతా మనుషులు. వంటావార్పు జరుగుతోంది, రోడ్డు మీదే వండుకుని తినే ఉద్యమ నిరసన. డివైడర్ పక్కన రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు, తారు మీద వరుసలు వరుసలుగా ఇస్తరాకులు, వాటి ముందు ఆడా మగా ముసలీ ముతకా. చివరి వరుస వీపులు మా సందు వైపే ఉన్నాయి. నోళ్లలో ముద్దలున్నాయి గనుక నినాదాలు లేవు. అందుకే మాకేమీ వినబడలేదు.

గరిటె పట్టుకున్న ఒకామె మమ్మల్ని చూసింది. "ఏందన్నా, గట్ల నిలబడ్డరు? కూసోండ్రి."

"మాది... భీమవరం అండీ" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

"అయితే ఏంది? మీ దిక్కు బువ్వ తినరా? కూసో!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూర్చున్నాడు, సరిగ్గా మా సందు రోడ్డులో కలిసే చోట.

నేను మాత్రం నిలబడే ఉన్నాను. బీమా కాగితంలో మొదటి మనిషిని నేను, రెండోది కంపెనీ. థర్డ్ పార్టీ అనే మూడో మనిషికి పేరు ఉండదు. నేనూ కంపెనీ పోగా లోకంలో మిగిలిన ప్రతి ఒక్కరూ ఆ మూడో మనిషే. ఎన్నడూ ఎదురుపడని ఆ మనిషి కోసం, అతని కులమేదో, ఊరేదో, ఏ జెండా పట్టాడో అడక్కుండా, ఒకరినొకరు ఎరగని లక్షలమంది ముందుగానే తలా కొంత తీసి పక్కన పెడుతున్నారు. ఇది ఏ దేవుడూ చెప్పింది కాదు. మనుషులే కూర్చుని ఆలోచించి కట్టుకున్నది. దండం పెట్టే అలవాటు లేనివాణ్ణి, ఆ పూట నా చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆ వరుసల్లో ఉన్న ఒక్కరికి కూడా ఆ రోజు నా కారు తరఫున ఆ అండ లేదు.

తిన్నాక ఆయన మెల్లగా, "కట్టాక ఫోన్ చెయ్యండి మాస్టారూ" అని వెళ్లిపోయాడు.

బంద్ ముగిశాక బీమా కట్టాను. ఆయన మళ్లీ వచ్చి, నేను అడగకముందే లైసెన్సు తీసి చూపించాడు. నేను పక్కన కూర్చున్నాను. సందు చివర ఆపి, అటూ ఇటూ చాలాసేపు చూశాడు. తర్వాత హైవే మీద విజయవాడ వైపు బాటసింగారం దాకా పోనిచ్చాడు. స్టీరింగు ఊగలేదు. కారు ఆయనే తీసుకున్నాడు.

ఎలాగూ అమ్మేసే కారే కదా అనుకుంటున్న మీరు, ఇప్పుడే లేవండి. పాలసీ తీసి తేదీ చూడండి. గడువు దాటి ఉంటే, కట్టేదాకా తాళం ఎవరికీ ఇవ్వకండి. వచ్చినవాడి లైసెన్సు అడగండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.