పేరు పెట్టని పాప

ఉప్పల్ మెట్రో మెట్ల కింద ఫినాయిల్ వేసి కడుగుతున్నప్పుడు, పక్కన డివైడర్ మీద అప్పుడే కోసిన గడ్డి వాసన కూడా దానికి తోడైతే, మా నాయిన సైకిల్ దిగి ఇంట్లోకి వస్తున్నట్టే ఉంటుంది నాకు.

నాచారంలో ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. ఉప్పల్ నుంచి అక్కడిదాకా జొన్నచేలు, ద్రాక్షతోటలు, చలికాలమైతే ప్రతి ఇంటి పొయ్యి మీదా ఉడికే అనపకాయలు, క్రిస్మస్ దగ్గరపడితే నాయినమ్మ చేతి గరిజెలు. నాయిన ఒక మందుల కంపెనీలో కుందేళ్లను చూసేవాడు. గడ్డి కోసి మేత వేయడం, ఫినాయిల్‌తో బోన్లు కడగడం, సూదిమందు పరీక్షకు పట్టుకోవడం, పరీక్షయ్యాక చంపాల్సి వస్తే అదీ ఆయన పనే. "పేర్లు వెట్టకు తమ్మీ, పెడ్తివా చెయ్యాడదు" అని అక్కడి పాత పనివాడు మొదటిరోజే చెప్పాడట. నాయిన వింటేగా! ఒకదాన్ని బుజ్జి అని పిలుచుకున్నాడు. దాని వంతు వచ్చిన రోజు నుంచి ఇంట్లో ముక్క ముట్టలేదు, ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఆ ఏడే చెల్లెలు పుట్టింది. నెలలు గడిచినా నాయిన పేరు పెట్టడు, ఎత్తుకోడు. చర్చిలో అయ్యగారు అడిగితే "సూద్దాం" అంటాడు. రెండోదీ ఆడపిల్లేనని మొహం మాడ్చుకున్నాడనుకుని అమ్మ లోలోపల కుమిలిపోయింది. చివరికి గరిజెలు ఒత్తుతూ ఉండబట్టలేక అడిగేసింది.

"ఆడివిల్లని పేరు గూడ పెట్టవా? ఏందయ్యా గిది?"

"గట్ల కాదే! పేరు వెట్టింది నా చేతులల్లనే పాయె. దీనికి పేరు వెట్టాలంటే బుగులైతుందే" అని నాయిన వెక్కివెక్కి ఏడ్చాడు. పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నాకప్పటిదాకా తెలియదు, భయమేసింది.

మర్నాడు అమ్మ చెల్లెల్ని చంకనేసుకుని తనే కంపెనీకి పోయి, మా ఇంటాయనకు వేరే పని ఇయ్యమని పెద్దసారును బతిమాలింది. ఆయన మంచివాడు, సీసాలు కడిగే చోటికి మార్చాడు.

సీసాల దగ్గర మొదటిరోజు పనిచేసి వచ్చిన సాయంత్రం, నాయిన కాళ్లయినా కడుక్కోకుండా పాపను ఎత్తుకున్నాడు. కరుణ అన్నాడు. సరిపోలేదేమో, సుగుణ అన్నాడు. అదీ చాలక చిట్టెమ్మ అన్నాడు.

"ఒక్క పిల్లకు ఎన్ని పేర్లురా! పుట్టబొయ్యేటోళ్లకు జర ఉంచు" అని నాయినమ్మ నవ్వింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. హమ్మయ్య, మా ఇల్లు మళ్లీ మా ఇల్లయింది. ముక్క మాత్రం నాయిన చివరిదాకా ముట్టలేదు.

ఇప్పుడు ద్రాక్షతోటలు లేవు, ఆ కంపెనీ చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. మా చెల్లెలు చర్చిలో కరుణ, ఆఫీసులో సుగుణ. చిట్టెమ్మా అని పిలిచేవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే పనేమీ లేకపోయినా రోజూ ఫోన్ చేసి, ఆ పేరుతో ఒకసారి పిలుస్తాను.