పిలిస్తే పలకని కుక్క

మా కుక్క పేరు ఇక్కడ రాయను. దాచాలని కాదు. నేనూ మా ఆయనా కలిసి ఆ పేరును ఏడు నెలలపాటు వాడకూడని పనికి వాడి అరగదీశాం. ఇప్పుడిప్పుడే అది మళ్ళీ మా వాడి పేరైంది. ఇకమీదట వాడితో పని ఉంటేనే ఆ పేరు నోట్లోకి రానిస్తానని వాడికి మాటిచ్చాను.

మేముండేది అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు కుక్క కావాలని పట్టుపట్టింది. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఆయనది వరంగల్ వైపు. “ఇంట్ల కుక్కేంది? బొచ్చు రాల్తది, వాసనొస్తది, నాతోని కాదు” అన్నాడు. నెల తిరక్కముందే ఆ మనిషే పెరుగన్నం మెత్తగా కలిపి, నేల మీద కూర్చుని, వాడికి ముద్దలు పెట్టడం చూశాను. నేను పది మాటలంటే ఒక్క మాటతో సరిపెట్టే మనిషి, వాడితో ఆఫీసు సంగతులన్నీ చెప్పేవాడు. మేనేజర్ ఏమన్నాడు, మీటింగ్ ఎందుకు సాగింది, మోకాలు ఎప్పటినుంచి నొస్తోంది, అన్నీ. ఆయన మోకాలి నొప్పి సంగతి నాకు కుక్క ద్వారానే తెలిసింది. నాకు కుళ్ళుగా ఉండేది కాదని అబద్ధం చెప్పను.

అసలు గొడవ పోయిన ఏడాది జూలైలో మొదలైంది. స్నేహితుల ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తీసుకెళ్ళే విందు. నేను పులిహోర గిన్నె పట్టుకుని పెరట్లోకి అడుగుపెట్టానో లేదో, ఆ ఇంటావిడ ఎదురొచ్చి, “రెడ్‌మండ్‌కి మూవ్ అవుతున్నారటగా! కంగ్రాట్స్! అక్కడ వానలు ఎక్కువట, జాగ్రత్త” అంది. నాకు ఏమీ అర్థం కాలేదు. నవ్వేసి, గిన్నె బల్ల మీద పెట్టి, మా ఆయన మొహం చూశాను. ఆయన నీళ్ళు నమిలాడు. కంపెనీ వాళ్ళు దేశానికి ఆ చివరనున్న రెడ్‌మండ్‌కి ట్రాన్స్‌ఫర్ ఇస్తామన్నారట, పెద్ద పోస్టట, మరుసటి ఏడాది జూన్‌లో వెళ్ళాలట, ఈయన సరే అనేశాడట. నాకు చెప్పడానికి మంచి సమయం కోసం చూస్తున్నాడట.

నా కోపం ఎందుకో చెప్పాలి. పదకొండేళ్ళు నేను డిపెండెంట్ వీసా మీద, ఉద్యోగం చేసే వీల్లేక, ఇంట్లో కూర్చున్నాను. గ్రీన్ కార్డు వచ్చాక, నా వయసులో సగం ఉన్న పిల్లలతో కలిసి ట్రైనింగ్ చేసి, మా ఇంటి దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో అసిస్టెంట్‌గా చేరాను. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల చేత మాట్లాడించడం నా పని. ఒక్కో మాట కోసం ఒక్కో నెల ఎదురుచూస్తాను. ఈ దేశంలో నాదంటూ నేను సంపాదించుకున్నది అదొక్కటే. దాన్ని వదిలేసి రావాలో వద్దో నన్ను అడగాలని కూడా ఆ మనిషికి తట్టలేదు. ఆ రోజే ఆయనతో మాట్లాడటం మానేశాను.

మానేశానంటే, మా ఇళ్ళల్లో మానేసే పద్ధతి వేరు కదా. ఎదురుగా మనిషిని పెట్టుకుని, “మీ నాన్నని భోజనానికి రమ్మను” అని పిల్లలకి చెప్పడం. నా చిన్నప్పుడు మా అమ్మానాన్నల మధ్య ఆ కబుర్లు నేనే మోశాను. ఇప్పుడు మా అమ్మాయి వంతు వచ్చింది. పాపం, రెండు వారాలు మోసింది. “డాడ్, అమ్మ అడుగుతుంది, డిన్నర్ తింటావా అని.” తర్వాత ఒకరోజు ఫోర్కు పళ్ళెంలో పడేసి, “నేను మీ వాట్సాప్ కాదు. యూ గైస్ ఆర్ సో వియర్డ్. డైరెక్ట్‌గా మాట్లాడండి!” అని లేచిపోయింది. ఆగస్టు చివర్లో కాలేజీకి వెళ్ళిపోయింది కూడా.

ఇక ఇంట్లో మిగిలింది మేమిద్దరం, కుక్క.

మొదట ఎవరు మొదలుపెట్టారో నాకు గుర్తులేదు. నేనే అయ్యుంటాను. వాడి పేరు పిలిచి, “మీ నాన్నకి చెప్పరా, గార్బేజ్ బయట పెట్టలేదని” అన్నాను. ఆయన లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా, తనూ వాడి పేరు పిలిచి, “మీ అమ్మకు చెప్పు బిడ్డా, మీటింగ్‌ల ఉన్న, అయినంక పెడ్త” అన్నాడు. ఆ రోజు నాకు నవ్వొచ్చింది కూడా. అదే అలవాటైంది. ప్రతి మాటకీ ముందు వాడి పేరు. కరెంటు బిల్లు, అమ్మాయి ఫోను, కారు సర్వీసు, కూరలో ఉప్పు. మొదట్లో వాడు పేరు వినగానే తోక ఊపుతూ వచ్చేవాడు, నా మొహంలోకి, ఆయన మొహంలోకి మార్చి మార్చి చూసేవాడు. మేము వాడివైపు చూస్తే కదా. కాసేపు నిలబడి వెళ్ళి పడుకునేవాడు.

నవంబరులో ఒక సాయంత్రం ఆయన అలాగే వాడి పేరు పిలిచాడు. “మీ అమ్మకు చెప్పు, నేనొక్కన్నే పోత. సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్ చూస్తున్న.”

గిన్నెలు కడుగుతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. వెనక్కి తిరిగి ‘అంటే ఏంటి మీ ఉద్దేశం’ అని అడగాలి. తిరగలేదు. “మీ నాన్నకి చెప్పరా, పెద్ద కుక్కర్ ఇక్కడే వదిలేసి వెళ్ళమని” అన్నాను. ఇరవై ఏళ్ళ కాపురం విడిపోతుంటే కుక్కర్ గురించి మాట్లాడిన మనిషిని నేను.

మా వీధి చివర ఒక ముసలాయన ఉంటాడు. తెల్లాయన, భార్య పోయింది. ఆయనకొక వేటకుక్క, అదీ ముసలిదే. రోజూ పొద్దున నేను స్కూలుకి వెళ్ళేటప్పుడు ఆ ఇద్దరూ మలుపు దగ్గర కనిపిస్తారు. ఆయన అక్కడ ఆగి, “ఈరోజు ఎటు వెళ్దాం?” అని దాన్ని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, ఆగుతాడు. ఆ కుక్క ముక్కు అటు తిప్పి ఇటు తిప్పి ఏదో ఒక వైపు అడుగేసేదాకా ఆ చలిలో కదలకుండా నిలబడతాడు. ఇదివరకు చూసి నవ్వుకునేదాన్ని. ఆ శీతాకాలం మాత్రం ఆయన్ని చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ కుక్కకున్న పాటి విలువ నాకు లేదు కదా అని కారులో ఏడ్చాను కూడా.

మా వాడు పిలిస్తే పలకడం లేదని ఆ రోజుల్లోనే గమనించాం. తొమ్మిదేళ్ళొచ్చాయి, చెవుడు వచ్చిందేమో అనుకున్నాం. ఆ మాట కూడా వాడితోనే చెప్పుకున్నాం.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున మా ఆయన గరాజ్ తలుపు తెరిచి మంచు తోస్తున్నాడు. వాడు ఆయన పక్కనుంచి జారుకుని రోడ్డు మీదకి వెళ్ళాడు. మంచు తీసే పెద్ద ట్రక్కు మలుపు తిరిగి వస్తోంది. ఆయన వాడి పేరు పెట్టి అరిచాడు. నేను చెప్పుల్లేకుండా గుమ్మంలోకి పరుగెత్తి అరిచాను. వాడు కనీసం చెవి కదపలేదు. తీరిగ్గా మంచు వాసన చూస్తూ నడుస్తున్నాడు. డ్రైవరు హారన్ కొట్టి, బ్రేకు వేశాడు. ఆ బండి కొంత దూరం జారి, వాడికి బారెడు దూరంలో ఆగింది. ఆ హారన్‌కి మాత్రం వాడు ఎగిరిపడి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మా ఆయన దగ్గరికి వచ్చాడు. ఆయన ఆ మంచులోనే కూలబడి వాడిని పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మా అమ్మాయి కంటే కొంచెం పెద్దదానిలా ఉంది, అంతే, ఆ డాక్టరు. వాడి వెనక నిలబడి, ఒక బిస్కెట్ పొట్లం మెల్లగా చించింది. వాడు గిర్రున తిరిగాడు. “చెవులు భేషుగ్గా ఉన్నాయి” అంది. తర్వాత వాడి పేరు పిలిచింది. వాడు గోడ చూస్తూ కూర్చున్నాడు. ఆ అమ్మాయి మా ఇద్దరివైపూ తిరిగి అడిగింది. “ఇంట్లో వీడి పేరు చాలాసార్లు వాడతారా? వీడితో మాట్లాడటానికి కాకుండా?”

నేను నేల మీద పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మా ఆయనే గొంతు సవరించుకుని, తన ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం లేదని, ఏది చెప్పాలన్నా వీడికి చెబుతున్నామని, జూలై నుంచి అని. ముక్కూమొహం తెలియని మనిషికి అంత సూటిగా చెప్పేశాడు. నాకు సిగ్గుతో తల తిరిగింది. అదే సమయంలో, ఈయన నెలలు లెక్కపెట్టుకుంటున్నాడా అని కూడా అనిపించింది.

డాక్టరు నవ్వలేదు. “పాపం వీడు చాలాకాలం ప్రయత్నించి ఉంటాడు” అంది. “పేరు వినగానే వచ్చాడు, తనకేం పని లేదని తెలుసుకున్నాడు. ఇప్పుడు వీడికి ఆ పేరు మీ ఫ్రిజ్ చప్పుడులాంటిది. మళ్ళీ నేర్పొచ్చు. రెండు నెలలు వీడితో పని ఉంటేనే పేరు పిలవండి. పిలిచిన ప్రతిసారీ వీడికేదైనా మంచి జరగాలి.” ఇద్దరం కలిసి ఎలా నేర్పాలో చూపించింది, ఇంకేమీ చెప్పలేదు. మా సంగతి మాకు వదిలేసింది.

తిరిగి వస్తుంటే కారులో చిక్కొచ్చిపడింది. వాడు వెనక సీట్లో ఉన్నాడు, వాడి పేరు పిలవకూడదు. మా ఆయన “బిడ్డా” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. రెండు మలుపుల తర్వాత సిగ్నల్ దగ్గర ఆగాం. ఆకుపచ్చ లైటు పడింది, ఈయన ఏదో ఆలోచనలో ఉండిపోయాడు. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

“గ్రీన్ పడిందండీ” అన్నాను.

ఏడు నెలల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే. ఆయన నా వైపు తిరిగి, “ఆఁ, చూసిన” అన్నాడు. చూడలేదని ఇద్దరికీ తెలుసు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ బండి కదిపాడు.

డాక్టరు చెప్పిన పాఠానికి ఇద్దరు మనుషులు కావాలి. హాలుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, చేతుల్లో ఉడికించిన చికెన్ ముక్కలు. ఒకరు వాడిని పట్టుకోవాలి, ఇంకొకరు పిలవాలి. “ఇప్పుడు మీరు పిలవండి.” “ఆగు, వాడు నీ దిక్కే చూస్తుండు.” “వదలనా?” “ఊఁ, వదులు.” అలా రోజూ పావుగంట మాట్లాడుకోక తప్పలేదు. మొదటి వారం వాడు మమ్మల్ని అనుమానంగా చూశాడు. వాడి తప్పేం లేదు.

మార్చిలో అసలు పోట్లాట వచ్చింది. ఒక సాయంత్రం చికెన్ ముక్కలు కోస్తూ కోస్తూ, కత్తి పక్కన పెట్టి అడిగేశాను. “నన్నెందుకు అడగలేదు?”

ఆయన ఆ కత్తి తీసుకుని మిగిలిన ముక్కలు కోయడం మొదలుపెట్టాడు. నా స్కూలు పిల్లల్ని తలుచుకుని నేను ఆగాను. “ఇన్నేండ్లు అన్నీ నేనే డిసైడ్ చేసిన” అన్నాడు చివరికి. “నువ్వెన్నడు వద్దనలే. ఈసారి అంటవని తెలుసు. అడిగితే వద్దంటవని భయమైంది. అందుకే అడగలే.”

“వద్దనేదాన్నే! అంటే ఏమయ్యేది? కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం!” అని గట్టిగా అరిచాను. ఆయనా అరిచాడు. తన కష్టం నేనెప్పుడైనా అడిగానా అన్నాడు, మోకాలు నొస్తుంటే కుక్కకి చెప్పుకున్నానన్నాడు. అది నిజమే. వాడికి చెబుతుంటే విన్నానే గానీ, వెళ్ళి ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు ఇద్దరం గొంతు పోయేదాకా పోట్లాడుకున్నాం. కుక్కకి ఒక్క మాట కూడా చెప్పలేదు. వాడు బల్ల కింద దూరి పడుకున్నాడు. మర్నాడు పొద్దున ఇల్లు తేలిగ్గా ఉంది.

ఏప్రిల్లో ఒక ఆదివారం. మంచు కరిగింది. పెసరట్లు వేసి బల్ల దగ్గర కూర్చున్నాం, వాడు మా కాళ్ళ దగ్గర. మా ఆయన అట్టు తుంచకుండా నా కళ్ళలోకి చూశాడు.

“రెడ్‌మండ్ పోదామా, ఇక్కడ్నే ఉందామా? నువ్వు చెప్పు” అన్నాడు. అడిగి ఆగాడు.

నేను వెంటనే చెప్పలేదు. ఆయన పళ్ళెంలో అట్టు చల్లారిపోయింది. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు, ఫోను చూడలేదు. వీధి చివర ముసలాయన చలిలో నిలబడ్డట్టే కూర్చున్నాడు.

“ఇక్కడే ఉందామండీ” అన్నాను.

ఆయన తల ఊపాడు. “సరే. రేపు మేనేజర్‌కి చెప్త” అన్నాడు.

“బాధగా ఉందా?”

“ఉంది” అన్నాడు. ఆయన చేతి మీద చెయ్యి వేశాను.

బల్ల కింద వాడు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. తల ఎత్తనైనా ఎత్తలేదు. ఎవరూ వాడిని పిలవలేదు.