బొయిపరిగుడ రోడ్డు మీద ఆమెన్

మోటారు సైకిలు వెనక సీటుకి బ్రేకు ఉండదు. అయినా నా కుడికాలు ఎప్పుడూ దేన్నో నొక్కుతూనే ఉంటుంది. ఒడిశాలో మా జయపురం నుంచి బొయిపరిగుడ వెళ్ళి వచ్చేసరికి పిక్క పట్టేసేది. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుంటుంటే మా ఆయన నవ్వేవారు.

"బండి నాను నడిపేనా, నువ్వు నడిపేవా?"

"ఇద్దరవూనూ," అనేదాన్ని.

అది నిజమే. ఆయన మున్సిపాలిటీలో నీళ్ళ పంపుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. మా క్రైస్తవ సంఘంలో పెద్ద. ప్రతి ఆదివారం బొయిపరిగుడలో చిన్న కూటం నడిపిస్తారు. అక్కడ మన తెలుగువాళ్ళవి ఐదారిళ్ళు, దేశియా అనే కొండప్రాంతపు ఒడియా మాట్లాడే విశ్వాసులు కొందరు. మరో బోధకుడు ఆ వైపు వెళ్ళడు. బయల్దేరే ముందు ఇద్దరం గుమ్మంలో తలవంచి ప్రార్థన చేసుకునేవాళ్ళం. ప్రార్థన అయ్యాక ఆయన దూరం చూడాలి, నేను పక్కలు చూడాలి. ఇది మా ఒప్పందం. ప్రార్థించేవాడు మెలకువగా కూడా ఉండాలని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినదాన్ని. దేవదూతలు మన బండికి ముందు నడుస్తారని నమ్ముతాను. కానీ వాళ్ళు హారన్ కొట్టరు కదా.

ఆ రోడ్డు మీద ముందు ఆనవాలు కనిపిస్తుంది, తరవాతే ప్రమాదం వస్తుంది. ఒక మేక రోడ్డు దాటిందంటే ఇంకా ఉన్నాయని అర్థం. దూడ ఒక పక్కా తల్లి ఒక పక్కా ఉంటే, హారన్ విన్న దూడ తల్లి వైపే పరిగెడుతుంది, అంటే మన చక్రం కిందకే. రోడ్డు మధ్యలో పచ్చి కొమ్మ పడి ఉంటే ఆ మలుపు వెనక లారీ ఆగిపోయి ఉంటుంది. లారీ బాగయి వెళ్ళిపోయినా, దాని వెనక పెట్టిన రాళ్ళు అక్కడే ఉంటాయి. చోళ్ళ పంటప్పుడు ఆ రాగివెన్నులు రోడ్డు మీద పరిచి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. గింజలు ఇంటికెళ్ళిపోతాయి, రాళ్ళు మాత్రం ఉండిపోతాయి. వానాకాలంలో కొండ కోసిన చోటల్లా ఎర్రమట్టి మలుపులోకి జారి సబ్బులా ఉంటుంది. సంతరోజు సాయంత్రం మనుషులు రోడ్డు మధ్యనే నడుస్తారు, బండి వస్తుంటే ఎటు తప్పుకోవాలో వాళ్ళకే తెలియదు.

ఇవన్నీ నేను వెనకనుంచి చెప్పేదాన్ని. "ఎడం పక్క మేకలు" అంటే ఆయన "ఆమెన్" అనేవారు. "కుడి పక్క సైకిలు." "ఆమెన్." మా సంఘంలో కీర్తన చదివేటప్పుడు ఒక వచనం ముందున్నవాళ్ళూ ఒకటి సంఘమూ చదువుతాం కదా, అలాగ. ఆమెన్ అంటే విన్నాను, చూశాను అని. మొదట్లో సరదాకి అన్నది, కొన్నాళ్ళకి అలవాటయింది. గాలిలో మాట సరిగ్గా వినబడదు కనుక ఆ చిన్న మాట నాకు ధైర్యంగా ఉండేది.

క్రితం ఏడు ఆయన కుడికంట్లో పొర వచ్చింది. ఎడంకంట్లో కూడా మొదలయిందని, ఆలస్యం చెయ్యవద్దని డాక్టరు చెప్పాడు. రాయగడలో ఉన్న మా అమ్మాయి అక్కడ ఆపరేషన్ చేయిస్తానని రోజూ ఫోను చేసేది. ఈయన పంట కోతల కూటాలయ్యాక అన్నారు. క్రిస్మస్ అయ్యాక అన్నారు. తరవాత ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి.

"నాన్నా, నువ్వింకా బండి నడుపుతన్నావేటి?" అని ఫోనులో అరిచేది.

"శ్రమదినాల్లో సంఘాన్నొగ్గీసి ఎలాగొత్తానమ్మీ? ఈస్టర్ అవనీ."

"కన్ను పోయేక ఈస్టరేటి సూస్తావు?"

ఆయన నవ్వి ఫోను నాకిచ్చేసేవారు. ఆయన బాధ నాకు తెలుసు. ఒకసారి ఆయనకి జ్వరమొచ్చి కొన్ని వారాలు వెళ్ళకపోతే బొయిపరిగుడ కూటం చెదిరిపోయింది. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి పోగుచేశారు. నా బాధ వేరు. ఆ కన్ను ఎంత చూస్తోందో నాకు తెలియడం లేదు. అడిగితే "బాగానే అగుపడతంది" అనేవారు. ప్రతి ఆదివారం ఆ రోడ్డు మీద మా ఇద్దరి ప్రాణాలూ ఆ ఒక్క మాట మీద కూర్చుని వెళ్ళేవి.

ఈ ఏడు ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం చైత్ర పరబ్ రోజుల్లో పడింది. కొరాపుట్ వైపు ఆ పండగ నెలంతా ఊరూరా రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుంటారు. ఎక్కువగా ఆడపిల్లలు. బండి ఆగితే చుట్టూ చేరి పాడి, పండక్కి ఏదైనా ఇమ్మంటారు. ఇచ్చాక తాడు దింపుతారు. ఇప్పపూలు రాలే కాలం కూడా అదే. పూలు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకులు కాలుస్తారు. ఆ పొగ రోడ్డు మీద తెరలాగ నిలబడుతుంది. పోగుచెయ్యని పూలు చక్రాల కింద నలిగి జారుడుగా ఉంటాయి. పొగ, పూలు, తాడు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇవే లెక్కపెట్టుకుంటున్నాను.

దానికి తోడు, ఆ రోజు కూటంలో పట్టుకుని పాడడానికి కొబ్బరి మట్టలు. బొయిపరిగుడలో ఈతచెట్లు బోలెడున్నాయి. ఈయనకి మాత్రం కొబ్బరి మట్టలే కావాలి. విజయనగరంలో చిన్నప్పుడు అవే పట్టుకున్నారట. కట్టని నా వెనక అడ్డంగా కట్టారు. రెండు పక్కలా చేతులు చాచినట్టు వచ్చాయి.

"ఏవండీ, ఇలాగెల్తే రోడ్డంతా మనదే అవతాది. నిలువుగా కట్టండి."

"నిలువుగా కడితే నీ మొకానికి గుచ్చుకుంటాయి. ప్రభువు గాడిదెక్కి ఎల్లేడు. మనకి బండుంది. ఇంకా సణుగుతావేటి?"

"గాడిదకి కళ్ళున్నాయి," అన్నాను. వినిపించుకోలేదు.

ఊరు దాటాక మొదటి మలుపులో మేకలు కనిపించాయి. చెప్పాను. "ఆమెన్" అన్నారు. ఆమెన్ తరవాత బండి కొంచెం మందగించాలి. మందగించలేదు. మేకలే బెదిరి వెనక్కి తిరిగాయి. కాస్త ముందు సైకిలు మీద కట్టెలమోపు. "ఆమెన్." మళ్ళీ అదే వేగం. మోపు చివర మా మట్టల్ని రాసుకుని పోయింది.

తరవాత రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ఎండ తప్ప ఏమీ లేదు. నేను గట్టిగా చెప్పాను.

"ఎదురుగా గేదె."

"ఆమెన్," అన్నారాయన.

ఆయన భుజం గట్టిగా పట్టుకుని "ఆపండి, ఆపండి" అన్నాను. బండి పక్కకి తీశారు.

"ఏటయింది?"

"గేదె నేదు."

"ఎల్లిపోయిందా?"

"అసలు నేదు. నాను అబద్ధవాడేను."

ఆయన హెల్మెట్ తీసి నా వైపు తిరిగారు. "మట్టలాదివారం పూటా అబద్ధవా?"

"మరి మీరన్న ఆమెన్ ఏటి?"

ఆయన ఆలోచించలేదు. "నువ్వు సూసేవంటే నాను సూసినట్టే. నీ మాట నమ్మేను. ఇశ్వాసవంటే అది కాదేటి?"

"నా మీద ఇశ్వాసం వొద్దు. గేదె మీద కన్నుండాల."

ఆయనకి కోపమొచ్చింది. నాకు భయమేసింది. సంఘంలో ఎంతమంది కునుకుతూ ఆమెన్ అంటారో నేను వెనక బెంచీనుంచి ఎన్నోసార్లు చూశాను. పెదవులకి అలవాటయిపోతుంది. ఆ అలవాటు బండి ఎక్కి కూర్చుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. తిరిగి వెళ్ళిపోదామన్నాను. అక్కడ మనుషులు పొద్దున్నించీ కూర్చుని ఉంటారన్నారు. అదీ నిజమే. నెమ్మదిగా నడిపితేనే ఎక్కుతానన్నాను. సరేనన్నారు.

నెమ్మదిగానే నడిపారు. కానీ అలిగారు. "కుడి పక్క కుక్క" అంటే జవాబు లేదు. "ముందు గుంత" అంటే లేదు. బండి గుంతలో పడి లేచింది. ఆమెన్ ఉన్నప్పుడు అది అబద్ధమేమోనని భయం. అది లేనప్పుడు విన్నారో లేదోనని భయం. నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టాను, ఒక్క వాక్యం కూడా చివరిదాకా వెళ్ళలేదు. మధ్యలో ఏ ఆవో అడ్డొచ్చేది.

అలా వెళ్తుండగా ఇప్పచెట్ల వరసా పొగా వచ్చాయి. పొగలో రోడ్డుకి రెండు పక్కలా రంగు రంగుల గుడ్డలు కదిలాయి. ఆడపిల్లలు. వాళ్ళ మధ్యన, నడుమెత్తులో, సన్నటి గీత.

"తాడు! తాడండీ!"

"మళ్ళీ పరీచ్చా?" అన్నారాయన. బండి ముందుకే వెళ్తోంది.

ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. నా నోట్లోంచి ప్రభువు పేరు తప్ప ఇంకేం రాలేదు. అది విని బ్రేకు వేశారు. పిల్లలు కేకలు పెట్టి తాడు వదిలేశారు. ముందు చక్రం పూలమీద జారింది. బండి ఎడం పక్కకి ఒరిగింది. మట్టల కట్ట ముందు నేలకి తగిలి, దానిమీద నేను, నా పక్కన ఆయన పడ్డాం. వేగం లేదు కనుక నాకు మోచెయ్యి, ఆయనకి అరచెయ్యి గీరుకున్నాయి. అంతే. దేవుని కృప.

పిల్లలు పరిగెత్తుకొచ్చారు. అందరిలో పెద్దది ముసలాయనకి దెబ్బ తగిలిందా అని దేశియాలో అడిగింది. ఏం కాలేదని నాకొచ్చిన ఒడియాలో చెప్పాను. ఇద్దరు బండి ఎత్తారు. ఒకమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చిన్నవాళ్ళు రోడ్డు నిండా చెదిరిన మట్టల్ని ఏరుతూ, ఏరినవాటిని ఊపుకుంటూ తిరుగుతున్నారు. పండక్కి ఇమ్మని ఒక్కరూ అడగలేదు.

ఆయన ఇంకా రోడ్డు మీదే కూర్చుని ఉన్నారు. తాడు ఆయన మోకాలి పక్కనే పడి ఉంది.

"తాడు నిజంగా ఉన్నాదేటే?"

నేను ఆయన చెయ్యి పట్టి దానిమీద పెట్టాను. ఆయన దాన్ని తడిమి, కొంచెం ఎత్తి, కళ్ళ దగ్గరకి తెచ్చుకుని చూశారు.

"పొగ అగుపడ్డాది. పిల్లలు రంగుల్లాగ అగుపడ్డారు. ఇది అగుపడనేదే." తరవాత మెల్లగా అన్నారు. "తాడు వొగ్గకపోతే ఆ పిల్లల సేతులు కోసుకుపోయేవి."

లేచి, బండికున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. నాకు బండి నడపడం రాదని ఆయనకి తెలుసు. అయినా ఇచ్చారు.

సండే స్కూలు పిల్లలకని తెచ్చిన పల్లీ చెక్కీలు ఆ ఆడపిల్లలకి పంచేశాను. పండగ చందాలు ఇవ్వకూడదని మా సంఘం కట్టుబాటు. ఇది చందా కాదు. దీనికి సంఘం ఏమన్నా సరే నేను జవాబు చెప్పుకుంటాను. బండి ఆ పెద్దపిల్ల వాళ్ళ అరుగుమీద పెట్టించి, మట్టలతో సహా షేర్ ఆటో ఎక్కాం. ఈసారి కట్ట నిలువుగా ఉంది. నా మొహానికి గుచ్చుకుంది. ఏమీ అనలేదు.

బొయిపరిగుడలో అందరూ వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. మట్టలు పట్టుకుని పాడాం. ఆయన అరచేతికి గుడ్డ చుట్టుకునే వాక్యం చెప్పారు. చివరి ప్రార్థన అయ్యాక అందరూ ఆమెన్ అన్నారు. ఆయన మాత్రం అనకుండా నిలబడ్డారు.

"నాకు కళ్ళు అగుపడ్డం నేదు," అన్నారు. "ఆపరేషనుకి రాయగడ ఎల్తాను. మళ్ళీ వొచ్చేదాకా మీరే సదూకోవాల. ఈస్టర్‌కి నాను ఉండను. మీరు ఉంటారా?"

ఆయన ఏడాదిగా అడగడానికి భయపడిన ప్రశ్న అదే.

టిఫిన్ బండి పెట్టుకునే ఒకావిడ అందుకుంది. "మేవెక్కడికి పోతావయ్యగారూ? ఆ ముక్క అప్పుడే సెప్తే క్రిస్మస్‌కే కన్ను బాగయిపోయేది కదా. అమ్మగారూ, మీరేనా సెప్పొద్దూ?"

"సెప్పేను," అన్నాను. "ఆమెన్ అన్నారు."

నేనెందుకు నవ్వుతున్నానో వాళ్ళకి తెలియలేదు. ఆయన నవ్వలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. నేను కిటికీ పక్కన. ఇంత పెద్ద బస్సు, ఇంత ఎత్తు సీటు, మా బరువు మోసేవాడు వేరే ఉన్నాడు, అయినా నా కాలు ఊరుకోలేదు. ఇప్పచెట్ల దగ్గర తాడు మళ్ళీ లేచింది. డ్రైవరు దూరంనుంచే చూసి ఆగాడు. కండక్టరు కిందకి దిగి ఆ పిల్లలతో నవ్వుతూ బేరమాడాడు. పెద్దపిల్ల నన్ను గుర్తుపట్టి, బండి భద్రంగా ఉందన్నట్టు అరుగు వైపు చెయ్యి చూపించింది. నేనూ చెయ్యెత్తాను.

బస్సు కదిలాక అలవాటుగా పైకే అనేశాను. "ఎడం పక్క మేకలు."

ఆమెన్ రాలేదు. ఆయన నా మీదుగా కిటికీ వైపు వంగి, కళ్ళు చిట్లించి చాలాసేపు చూశారు.

"తెల్లగా ఏవో కదుల్తన్నాయి," అన్నారు. "మేకలో కావో నాకు తెల్డం నేదే."

ఏడాదిగా నాకు కావలసిన జవాబు అదే. ఫోను తీసి రాయగడకి కలిపాను. అటునుంచి అమ్మాయి గొంతు వచ్చేలోగా బస్సు మలుపు తిరిగింది. నా కుడికాలు నేలని గట్టిగా నొక్కింది.